ఆరు టిక్కులు

తొమ్మిదో మంచం ఖాళీ అయిన రోజునే గడియారం ఉద్యోగం కూడా పోయింది.

మంగళవారం ఉదయం సిస్టరు డ్యూటీకి వచ్చేసరికి ఆ మంచం మీది పరుపు మడిచి గోడకు ఆనించి ఉంది. ఇనప చట్రాన్ని మందునీళ్ళతో తుడిచిన తడి ఇంకా ఆరలేదు. ఇరవై నాలుగు మంచాల వార్డులో ఒకటి ఖాళీ కావడం ఆమెకు కొత్త కాదు. అయినా గుమ్మం దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. ఆ మంచం మీది పెద్దావిడ నిన్న సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకుని, "ఇవాళ మంట తగ్గిందమ్మా, నువ్వు ఇంటికెళ్ళు" అంది. తగ్గలేదని ఇద్దరికీ తెలుసు. నడుం కింద మొదట బొత్తామంత ఎర్రమచ్చ, తర్వాత పుండు, తర్వాత జ్వరం. కాలు విరిగి వచ్చిన మనిషి, కాలు అతుక్కునే లోపు పడకపుండుతో పోయింది.

రోగి లెక్క రాసే పట్టీ మాత్రం మంచం కాళ్ళ వైపు ఇంకా వేలాడుతూనే ఉంది. లేవలేని రోగులను రెండు గంటలకొకసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా పట్టీలోని గడిలో టిక్కు పెట్టాలి. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పగటి డ్యూటీకి ఆరు గడులు. తొమ్మిదో మంచం పట్టీలో ఒక్క గడీ ఖాళీ లేదు. ఆఖరి పదకొండు రోజుల్లోనూ రోజుకు ఆరు టిక్కులు. అన్నీ సిస్టరు చేతివే.

తిప్పే పని ఆయమ్మది. ఆ ఆయమ్మను ఆసుపత్రిలో అందరూ గడియారం అనేవారు. ఆమె చేతికి గడియారం లేదు, గోడ మీద ఉన్నదాన్ని చూసి చదవడమూ రాదు. అయినా రెండు గంటలంటే రెండు గంటలే, అయిదు నిమిషాలు అటూ ఇటూ అయ్యేది కాదు. ఎలా తెలుస్తుందని సిస్టరు ఒకసారి అడిగింది.

"నడుం చెబుతుంది సిస్టరమ్మా. ఒక చుట్టు అందరినీ తిప్పితే నడుం పట్టేస్తుంది. అది సరిగ్గా రెండు గంటలకి సర్దుకుంటుంది. హమ్మయ్య అనుకున్నానంటే మళ్ళీ టైమైందన్నమాట" అని నవ్వింది.

ఆ పదకొండు రోజులూ గడియారం వార్డులో లేదు. ఆపరేషన్ గది కడిగే ఆయా సెలవు పెడితే, పెద్ద సిస్టరు నోటిమాటగా గడియారాన్ని అక్కడికి పంపింది. వార్డులో సిస్టరు ఒక్కతే మిగిలింది. ఇంజక్షన్లు, సెలైన్లు, డ్రెస్సింగులు, కొత్తగా చేరేవాళ్ళు, వెళ్ళేవాళ్ళు. వీలైనప్పుడు తిప్పింది. వీలు కానప్పుడు తిప్పలేదు. సాయంత్రం డ్యూటీ అప్పగించే ముందు పట్టీలన్నీ ముందేసుకుని, ఖాళీ గడులన్నిటిలో వరసగా టిక్కులు పెట్టేసేది. ఖాళీ గడి కనబడితే పెద్ద సిస్టరు ఊరుకోదు.

పది గంటలకు పిలుపు వచ్చింది. పెద్ద సిస్టరు బల్ల మీద పట్టీ పరిచి ఉంది.

"పట్టీ చూస్తే అంతా సవ్యంగా ఉంది. మనిషిని చూస్తే పుండు పడి పోయింది. వాళ్ళ అబ్బాయి ఆఫీసులో కూర్చున్నాడు, ఏం చెప్పమంటావు?"

సిస్టరు తన టిక్కుల వైపు చూసింది.

"టిక్కు పెట్టేముందు ఆయాని అడిగే పెడతావు కదా?"

"అడుగుతానండీ."

అది నిజమే. గడియారం వార్డులో ఉన్నన్నాళ్ళూ అడిగే పెట్టింది.

"అయితే ఆయా తిప్పానంది, నువ్వు పెట్టావు. అంతేగా?"

బల్ల మీద పేపర్‌వెయిట్ ఉంది. దానిలోపల చిన్న గాలిబుడగ ఉంది. సిస్టరు దాన్నే చూస్తూ నిలబడింది. పెద్ద సిస్టరు రెండు క్షణాలు ఆగి, కాగితం దగ్గరికి లాక్కుని రాసుకోవడం మొదలుపెట్టింది.

గడియారాన్ని పిలిచారు. ఆమె గుమ్మంలోనే నిలబడి, "పదకొండు రోజులుగా నేను ఆపరేషన్ గదిలోనే ఉన్నాను కదండీ" అంది.

"అక్కడ పనయ్యాక వార్డుకి రావద్దని ఎవరన్నారు?"

గడియారాన్ని పనిలోంచి తీసేశారు. మధ్యాహ్నానికల్లా యూనిఫాం చీర మడిచి స్టోరులో ఇచ్చేసింది. వెళ్తూ వెళ్తూ వార్డులోకి తొంగిచూసి, "వస్తా సిస్టరమ్మా. ఏడో మంచానికి ఎడం భుజం కింద మెత్త పెట్టండి, మీరు మర్చిపోతారు" అని చెప్పి మెట్లు దిగింది.

ఆ సాయంత్రమే ఫోను వచ్చింది. నెల క్రితం సిస్టరు ఇంటర్వ్యూకి వెళ్ళిన పెద్ద ఆసుపత్రి నుంచి. ఎంపికయ్యారు, గురువారం నుంచి మూడు రోజులు వచ్చి పని చూడండి, మేమూ మిమ్మల్ని చూస్తాం, చేరేదీ లేనిదీ సోమవారం ఉదయానికల్లా చెప్పండి అన్నారు.

ఇంట్లో మంచం మీద మాస్టారు ఉన్నారు. ఆమెకు మామగారు. నలభై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. పోయిన ఏడాది ఎడం చెయ్యీ ఎడం కాలూ పడిపోయాయి. మాట కొంచెం మెత్తబడిందే గాని తెలివి ఎక్కడా చెక్కు చెదరలేదు.

ఆమె మంచం పక్కన వంగి, ఆయన ఎడం కాలిని కుడి కాలి మీదుగా వేసి, ఒక చెయ్యి భుజం వెనక, ఒక చెయ్యి తుంటి వెనక పెట్టి గోడ వైపు తిప్పింది. వీపు వెనక మెత్తను నిలువుగా మడిచి దూర్చింది. మడత విప్పుకోకుండా దానికి తువ్వాలు చుట్టి ఒక ముడి వేయడం ఆమె అలవాటు. తిప్పినప్పుడల్లా దాన్ని విప్పాలి, మళ్ళీ అలా వేయడం ఇంట్లో ఇంకెవరికీ చేతకాదు. మోకాళ్ళ మధ్య దుప్పటి మడత, మడమ పరుపుకు తగలకుండా కింద చిన్న చుట్ట. కింద పడి నలిగిన చెవిని వేలితో సరిచేసింది.

"రానూపోనూ అయిదు గంటలు" అన్నాడు ఆమె భర్త. ఎలక్ట్రీషియను. గోడకు ఆనుకుని స్విచ్చు బోర్డు విప్పుకుంటున్నాడు. "బస్సు, రైలు, మళ్ళీ బస్సు. నువ్వు మనిషివా, పార్సిలువా?"

"అక్కడ డ్యూటీ ఎనిమిది గంటలే. ఇక్కడ పన్నెండు. కలిపి చూస్తే ఒక గంటేగా తేడా."

"ఇక్కడ రెండు వీధులు దాటితే ఆసుపత్రి. మధ్యలో పదిసార్లు ఇంటికి పరిగెత్తుకొచ్చి నాన్నని తిప్పి వెళ్తున్నావు. అక్కణ్ణించి ఎలా పరిగెత్తుతావు?"

మాస్టారు గోడ వైపు తిరిగి ఉన్నారు. అక్కణ్ణించే అడిగారు. "అక్కడ ఒక నర్సుకి ఎన్ని మంచాలమ్మాయ్?"

"ఆరు, మామయ్యా."

"ఇక్కడ?"

"ఇరవై నాలుగు."

"అయితే ఇంక ప్రశ్నేముంది?"

"ప్రశ్న మీరే మామయ్యా."

"బాగుంది. జీవితమంతా ప్రశ్నలు నేను వేశాను. చివరికి నన్నే ప్రశ్నని చేశావన్నమాట." ఆయన భుజం కదిలింది. నవ్వుతున్నారు. "ఆ పట్టీ ఒకటి నాకూ రాసిపెట్టు. నా కుడిచేతికి అందేలా కట్టు. వీళ్ళిద్దరూ తిప్పారో లేదో నేను చూసుకుంటాను."

పన్నెండేళ్ళ పాప స్కేలు పెట్టి పట్టీ గీసింది. అయిదు గంటల గడి అమ్మది, తర్వాత ఏడు, తొమ్మిది, పదకొండు, ఒంటిగంట, మూడు, అయిదు. మొదటి నాలుగూ నాన్నవి, చివరి రెండూ బడి నుంచి వచ్చాక తనవి. మంచం పట్టెకు దారంతో పెన్సిలు కట్టింది.

బుధవారం డ్యూటీలో సిస్టరు ఏడో మంచానికి ఎడం భుజం కింద మెత్త పెట్టింది. గడియారం జాగాలో వచ్చిన కొత్త ఆయా, "పాతావిడ ఏం చేసింది సిస్టరూ? తిప్పకుండానే తిప్పానందట కదా" అంది. సిస్టరు థర్మామీటరు దులుపుతూ ఉండిపోయింది. పాదరసం ఎప్పుడో దిగిపోయింది, అయినా దులుపుతూనే ఉంది. మూడు రోజులకు సెలవు చీటీ రాసిచ్చి వచ్చింది.

గురువారం తెల్లవారుజామున అయిదింటికి మాస్టారిని ఎడం పక్కకు తిప్పి, ముడి వేసి, తన గడిలో టిక్కు పెట్టి బయలుదేరింది. బస్సులో నిలబడింది. రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో సీటు దొరికిందనుకుని కూర్చోబోతే, "అక్కడ కాదమ్మా, అది పూలజడావిడది, వచ్చే స్టేషన్లో ఎక్కుతుంది. నా పక్కన సర్దుకో" అంది కిటికీ దగ్గరావిడ. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. ఒళ్ళో బ్యాగు, బ్యాగు మీద టిఫిను డబ్బా, డబ్బా మీద రెండు చేతులూ పెట్టుకుని కళ్ళు మూసుకునే మాట్లాడుతుంది.

"కొత్తా? రోజూ వచ్చేదానివేనా, చుట్టపుచూపా?"

"ఇంకా అనుకోలేదండీ. ఎన్నాళ్ళనుంచి వస్తున్నారు మీరు?"

"మా రెండోవాడు పాలు తాగేటప్పటి నుంచి. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి. మధ్యలో ఎలా ఉండేవాడో నాకు సరిగ్గా తెలీదు. నేను బయలుదేరేటప్పుడూ నిద్ర, వచ్చేటప్పుడూ నిద్ర. ఓ ఆదివారం లేచి నిలబడ్డాడు, వీడెవడు ఇంత పొడుగు అని హడలిపోయాను." పెట్టెలో నలుగురు నవ్వారు. ఆవిడ మాత్రం కళ్ళు తెరవలేదు.

కొత్త వార్డులో కిటికీలు పెద్దవి. ఆరు మంచాలకూ మధ్య మనిషి తిరగడానికి చోటుంది. ఒక్కరే లాగరు, రోగి కింద దుప్పటి పట్టుకుని ఇద్దరు చెరోవైపు నుంచి తిప్పుతారు. తిప్పాక ఒంటిమీద ఎముక తేలిన చోటల్లా వేలితో నొక్కి చూడాలి. ఎర్రమచ్చ నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే భయం లేదు. నొక్కినా తెల్లబడకపోతే లోపల చెడటం మొదలైందని. ఇదంతా సిస్టరు చదువుకున్నదే. చేయడానికి టైము ఉండటమే కొత్త.

మధ్యాహ్నం ఒక రోగిని ఎక్స్‌రేకి తీసుకెళ్ళారు. తిరిగి రావడం ఆలస్యమైంది. రెండు గంటల గడి నిండలేదు. సిస్టరు చెయ్యి దానంతట అదే పెన్ను తీసింది. వెనక నుంచి అక్కడి సీనియరు నర్సు ఆపింది. జుట్టు నెరిసిన మనిషి, గొంతు పెంచే అలవాటు లేదు.

"తిప్పారా?"

"లేదండీ, ఎక్స్‌రేలో..."

"అయితే ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీ గడి తప్పు కాదు. ఎందుకు ఖాళీయో పక్కన రాయండి, చాలు."

సిస్టరు రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. తర్వాత నీళ్ళగదిలోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. శుభ్రంగా ఉన్న చేతులను మళ్ళీ కడుక్కుంది.

ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు. పట్టీలో తనది కాక మిగతా ఆరు టిక్కులూ ఉన్నాయి. భర్తవి తీగ మెలిపెట్టినట్టు వంకర టిక్కులు. పాపవి గుండ్రంగా, ఒకదానికి కళ్ళూ ముక్కూ కూడా పెట్టింది.

"నీ మొగుడికి ఇవాళ ఒక పెద్ద పని పోయింది" అన్నారు మాస్టారు. "అపార్టుమెంటు వైరింగు. నడుమ నడుమ లేచి ఇంటికెళ్ళేవాడు మాకొద్దన్నారట."

"పోతే పోయింది నాన్నా. ఇంకోటి వస్తుంది" అన్నాడు భర్త. చెప్పు తీసి మళ్ళీ తొడుక్కున్నాడు. ఎందుకో తనకే తెలియనట్టు మళ్ళీ తీశాడు.

శుక్రవారం ఆమె రైల్లో నిలబడే నిద్రపోయింది. రాత్రి ఇంటికి వచ్చి పట్టీ వైపు ఒక్క చూపు చూసింది. ఆరూ ఉన్నాయి. చాలు అనుకుంది. లెక్క చూసిందే గాని చేతిరాత చూడలేదు.

శనివారం ఆమెను సీనియరు గదిలోకి పిలిచి, "మీరు వస్తే మాకు సంతోషం. దూరం సంగతి మీరే ఆలోచించుకోండి. అలసిపోయి వచ్చే నర్సు నాకూ వద్దు" అంది. వచ్చేటప్పుడు రైల్లో కిటికీ దగ్గరావిడ తన డబ్బాలోంచి సగం ఆపిల్ తీసిచ్చి, "ఏమైంది? ఉంటున్నావా, పోతున్నావా?" అంది. "ఇంటికెళ్ళి చెబుతానండీ" అంది సిస్టరు. ఆ క్షణంలో ఆమె మనసు ఎటు మొగ్గిందో ఆమెకు తెలుసు. మూడు రోజుల్లో ఆమె ఒక్క అబద్ధపు టిక్కు పెట్టలేదు. ఆ తేలికదనం ఒంటికి తెలుస్తోంది.

ఇంట్లో భర్త ఇంకా రాలేదు. పాప ముందుగదిలో లెక్కలు చేసుకుంటోంది. సిస్టరు బ్యాగు దించి, చేతులు కడుక్కుని, మాస్టారి మంచం దగ్గరికి వెళ్ళింది. పట్టీలో తన టిక్కు పక్కన ఆరు టిక్కులు ఉన్నాయి.

ఆ వరసను చూడగానే ఆమె చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది. ఆరూ ఒకే ఎత్తు. ఒకే వాలు. పెన్సిలు ఒకే ఒత్తిడితో దిగింది. రోజంతా ఆరుసార్లు, ఇద్దరు మనుషులు, నడుమ పని వదిలి వచ్చి పెట్టిన టిక్కులు అలా ఉండవు. ఒక్కసారి కూర్చుని పెడితేనే అలా ఉంటాయి. ఆ సంగతి ఆమె కంటే బాగా తెలిసిన వాళ్ళు ఆ వీధిలో లేరు.

దుప్పటి తీసింది. వీపు వెనక మెత్త ఉంది. మెత్తకు చుట్టిన తువ్వాలు ఉంది. తువ్వాలుకు పొద్దున్న అయిదింటికి తను వేసిన ముడి, వేసింది వేసినట్టే ఉంది.

ఆయన్ని మెల్లగా తిప్పింది. ఎడం తుంటి ఎముక మీద బొత్తామంత ఎర్రమచ్చ. చూపుడు వేలితో నొక్కి, వదిలింది. తెల్లబడలేదు. ఇంకోసారి నొక్కింది. ఎర్రగానే ఉంది.

"మామయ్యా, ఈ టిక్కులు ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా" అన్నారు మాస్టారు.

"మరి వాళ్ళు తిప్పలేదా?"

"వాళ్ళనేమీ అనకు. వాడు ఫోను చేస్తే ఎదురింటి వాళ్ళు వచ్చి తిప్పి వెళ్ళారన్నాను. అన్నం పెట్టడానికి వస్తే పట్టీ చూపించాను. పిల్ల బడి నుంచి వస్తే, మీ నాన్న ఇప్పుడే తిప్పాడు, పో చదువుకో అన్నాను. పట్టీ చూసి నమ్మారు. నిన్న సగమే పెట్టాను. ఇవాళ అన్నీ పెట్టాను."

"నలభై ఏళ్ళు హాజరు పట్టీ రాశారు. రాని పిల్లకి ఎప్పుడైనా హాజరు వేశారా?"

"ఒక్కసారీ వెయ్యలేదు." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మకి ఒంట్లో బాగోక బడికి వచ్చేది కాదు. వచ్చిననాడు మాత్రం మొదటి బెంచీలో కూర్చుని ఒక్క మాట పోనిచ్చేది కాదు. హాజరు చాలలేదని పరీక్షకి కూర్చోనివ్వలేదు. పదిరోజులు నేను కళ్ళు మూసుకుని ఉంటే కూర్చునేది. నేను మూసుకోలేదు. నిజాయితీ అనుకున్నాను. ఆ పిల్ల తర్వాత ఏమైందో నాకు తెలీదు." కుడిచెయ్యి పెన్సిలు దారాన్ని వెతుక్కుంటోంది. "నా మంచం కోసం ఆ పిల్లలా నువ్వూ పరీక్ష తప్పకూడదనుకున్నాను. అంతే."

కోపం రావలసిన చోట ఆమెకు కోపం రాలేదు. మంచం అంచున కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆయన మంచం మీద కూర్చుని ఎరగదు.

"మామయ్యా, నేనూ పెట్టాను."

"ఏమిటి?"

"ఇలాంటివే."

తొమ్మిదో మంచం సంగతి మొదటి నుంచీ చెప్పింది. పదకొండు రోజులు, పట్టీ, పెద్ద సిస్టరు గది, గడియారం. చివర ఇంకొకటి మిగిలింది. అదీ చెప్పింది.

"ఆ పదకొండు రోజులూ మీకు మాత్రం ఒక్కసారీ తప్పలేదు మామయ్యా. వార్డు వదిలి వచ్చి మిమ్మల్ని తిప్పి వెళ్ళాను. ఆవిడ పక్కనుంచే వచ్చాను."

ముందుగదిలో పాప ఏదో ఎక్కం గొణుక్కుంటోంది.

"ఆయమ్మకి చెప్పావా?"

"లేదు."

"చెప్పు. మూడు వాక్యాలు చాలు. ఆ టిక్కులు నావి. నువ్వు వార్డులో లేవని నాకు తెలుసు. అడిగినప్పుడు నేను నోరు తెరవలేదు. అంతకంటే ఎక్కువ మాట్లాడకు, ఎక్కువైతే సాకులు చేరతాయి. తర్వాత అవే మూడూ కాగితం మీద పెట్టి మీ పెద్ద సిస్టరుకి పంపు."

"నన్ను ఇంక ఎక్కడా పనిలో పెట్టుకోరు మామయ్యా. కొత్త చోటికి కూడా తెలుస్తుంది."

"తెలుస్తుంది" అన్నారు ఆయన. దానికి సర్దుబాటు మాట ఏదీ కలపలేదు.

ఆదివారం పొద్దున్న గడియారం ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. సందు చివర ఒంటిగది. గడియారం గుమ్మం ముందు చాప వేసుకుని పాత పేపర్లతో కవర్లు అతికిస్తోంది. నడుం చుట్టూ గుడ్డ బిగించి కట్టుకుంది. అతికించిన కవర్లు వరసగా ఎండలో ఉన్నాయి. ఒక వరస ఆరగానే వాటిని ఒక్కొక్కటే రెండో పక్కకు తిప్పుతోంది.

"సిస్టరమ్మా! ఇదేమిటి, ఇంత దూరం వచ్చారు! కూర్చోండి. కుర్చీ లేదు గాని పీట ఉంది, మీ చీరకేం కాదులెండి, తుడిచాను." ఇంకా కూర్చోకముందే అడిగింది. "ఏడో మంచానికి భుజం కింద మెత్త పెడుతున్నారా?"

"బుధవారం పెట్టాను. తర్వాత నేను సెలవులో ఉన్నాను."

"అయ్యో, కొత్తదానికి చెప్పారా మరి?"

చెప్పలేదు. సిస్టరు పీట మీద కూర్చుని చీర అంచు సర్దుకుంది. దారి పొడవునా మూడు వాక్యాలూ వల్లించుకుంటూనే వచ్చింది.

"ఆయమ్మా, ఆ రోజు పెద్ద సిస్టరు గదిలో..."

"ఆ సంగతి ఎత్తకండి సిస్టరమ్మా." గడియారం చేతిలోని జిగురు గుడ్డకు తుడుచుకుంది. "తలో మాట అన్నారు. వాచ్‌మన్ కూడా అన్నాడు, నిన్నగాక మొన్న చేరినవాడు. ఒక్క మీరే ఏమీ అనలేదు. అవును, ఆయానే చెప్పిందని మీరొక్క మాట అంటే మీ మీదికి రాదు. అయినా తలొంచుకుని నిలబడ్డారు. నన్ను పిలిచినప్పుడు వస్తూ తలుపు సందులోంచి చూశాను కదా. ఇంటికొచ్చి మా కూతురికి అదే చెప్పాను. అంతమందిలో నన్ను మాట అనని మనిషి ఒక్కరున్నారే అని."

సిస్టరు నోరు తెరిచింది. ఎండలో కవర్లు గాలికి కదులుతున్నాయి. గడియారం ఒక రాయి తీసి వాటి మీద పెట్టింది.

"మా మామగారిని చూసుకోవడానికి మనిషి కావాలి ఆయమ్మా" అంది సిస్టరు. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. "నేను దూరం ఉద్యోగానికి వెళ్తున్నాను. రెండు గంటలకొకసారి తిప్పాలి. తుంటి మీద మచ్చ మొదలైంది. ఊరికే వద్దు, అక్కడ ఏమిచ్చేవారో అదే ఇస్తాను."

గడియారం రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి లేచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను నమ్మి మీ ఇంటి మనిషిని అప్పగిస్తున్నారు. ఆ మచ్చని పుండు కానివ్వను సిస్టరమ్మా. నా నడుం మీద ఒట్టు" అని, తన హాస్యానికి తనే నవ్వి, చెంగుతో ముఖం తుడుచుకుంది.

ఇంటికి వచ్చేసరికి మాస్టారు మెలకువగానే ఉన్నారు.

"చెప్పావా?"

"రేపటి నుంచి వస్తానంది మామయ్యా."

"నేను అడిగింది అది కాదు."

సిస్టరు మెత్తకు తువ్వాలు చుట్టి ముడి వేస్తోంది. ముడి రెండుసార్లు జారింది. మాస్టారు ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. తనంతట తను తిప్పుకోగలిగింది ఆయనకు ఆ తల ఒక్కటే.

సోమవారం ఉదయం రైలు కదిలాక కొత్త ఆసుపత్రికి ఫోను చేసి, చేరుతున్నానని చెప్పింది. రాజీనామా పాప చేతికిచ్చి పాత ఆసుపత్రికి పంపింది. అందులో రెండే వాక్యాలు రాసింది. ఆ మూడూ కాదు. కిటికీ దగ్గరావిడ కళ్ళు మూసుకునే పక్కకు జరిగి, "నాకు తెలుసు" అంది.

అప్పటి నుంచి గడియారం రోజూ వస్తోంది. మాస్టారిని తిప్పుతుంది, మచ్చను తడిమి చూస్తుంది, ఆయన బడి కబుర్లకు పగలబడి నవ్వుతుంది. ఆమెకు రాయడం రాదు కనుక టిక్కు మాస్టారే పెడతారు, తిప్పాకే పెడతారు. బుధవారం మూడు గంటల గడి ఖాళీగా ఉంది. పక్కన ఆయన చేతిరాతలో ఉంది: 'వాన. పాప బడిలో చిక్కుకుంది. ఆయమ్మ తీసుకురావడానికి వెళ్ళింది.' ముడి వేయడం గడియారానికి ఒక్కసారి చూపిస్తే వచ్చేసింది. శుక్రవారం రాత్రి సిస్టరు వేలితో నొక్కినప్పుడు మచ్చ కొంచెం తెల్లబడి, మళ్ళీ ఎర్రబడింది.

పట్టీ కింద మాస్టారు పాపతో మూడు వాక్యాలకు సరిపడా ఒక తెల్లకాగితం అంటింపజేశారు. దాని గురించి ఆయన ఇంక ఏమీ అడగరు. సిస్టరు రోజూ తెల్లవారుజామున ఆయన్ని తిప్పి, తన గడిలో టిక్కు పెట్టి, ఆ కాగితాన్ని దాటుకుని బస్సుకు వెళ్తుంది. సందు మొదట్లో గడియారం ఎదురొస్తుంది. "జాగ్రత్తగా వెళ్ళిరండి సిస్టరమ్మా, ఇంటి సంగతి నేను చూసుకుంటాను" అంటుంది.

పెద్ద సిస్టరుకు ఉత్తరం ఇంకా రాయలేదు. గడియారానికి ఆ మూడు వాక్యాలూ ఇంకా చెప్పలేదు.